వరద, ఎండ, తుఫాను: నష్టం ఎవరికి, పరిహారం ఎవరికి? (సంపద అంతరాలు, వాతావరణ మార్పు మీద చర్చ)

పద్మజ టీచర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. పర్యావరణం అనగానే ఈ వేదికలో చెట్లు నాటడం, ప్లాస్టిక్ సంచులు మానేయడం గురించే మాట్లాడుకుంటున్నాం. డబ్బు ఊసు ఎవరూ ఎత్తడం లేదు. మా విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరద చూశాక నాకు మాత్రం ఈ రెండింటినీ విడదీసి చూడటం కుదరడం లేదు.

2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తీయలేదు. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకు 10 వేలు ప్రకటించింది. బండ్లకు, ఆటోలకు వేరే లెక్క. చాలామందికి అందింది కూడా, కాదనను. కానీ అదంతా వస్తువుల లెక్క. మా స్కూల్లో చదివే ఒక అమ్మాయి వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. నీళ్ళు తగ్గి ఆవిడ తిరిగి పనికి వెళ్ళేసరికి రెండిళ్ళలో వేరే మనిషిని పెట్టుకున్నారు. పోయిన ఆ జీతం రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. అదే వానకు ఎత్తు మీద ఉన్న కాలనీల్లో కాసేపు కరెంటు పోయింది, అంతే.

వాతావరణం ఇలా మారడానికి ఎవరి ఖర్చు ఎంత కారణం? నష్టం ఎవరి మీద పడుతోంది? సాయం ఎవరి చేతికి చేరుతోంది? మీ ఊళ్ళో మీరు చూసింది రాయండి. ఊరికే ప్రభుత్వాన్ని తిట్టే పోస్టులు మాత్రం వద్దు.

లెక్కల మాస్టారు (రాజమండ్రి)

టీచర్ గారూ, మీ మొదటి ప్రశ్నకు అంకెలున్నాయి. ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం, 2019లో ప్రపంచం మొత్తం వదిలిన కర్బన ఉద్గారాల్లో పైనున్న 10 శాతం మంది వాటా దాదాపు 48 శాతం. కింది సగం జనాభా వాటా 12 శాతమే.

మన దేశం సంగతి కూడా అందులో ఉంది. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల చిల్లర. కింది సగం మందిది దాదాపు ఒక టన్ను. పై 10 శాతం వాళ్ళది తొమ్మిది టన్నులకు దగ్గర. పైనున్న ఒక్క శాతానిది 30 టన్నులు దాటుతుంది, అంటే సగటు అమెరికా పౌరుడి కంటే ఎక్కువ. అంతర్జాతీయ సమావేశాల్లో "మా తలసరి ఉద్గారాలు తక్కువ" అని మన దేశం వాదిస్తుంది. ఆ వాదన న్యాయమైనదే. కాకపోతే ఆ సగటును అంత తక్కువగా ఉంచుతున్నది టీచర్ గారు చెప్పిన పాచిపనామె లాంటివాళ్ళు. వాళ్ళ పేదరికం చూపించి తెచ్చుకున్న వెసులుబాటు ఎవరికి ఉపయోగపడుతోందో చూడాలి.

ఆస్తి లెక్క కూడా దీనికి తోడు చూడండి. 2022–23లో మన దేశ సంపదలో 40 శాతం పై ఒక్క శాతం చేతిలో ఉందని 2024 మార్చిలో వచ్చిన ప్రపంచ అసమానతల పరిశోధనశాల అధ్యయనం తేల్చింది.

శ్రీను (గచ్చిబౌలి)

మాస్టారూ, అంకెలు సరే. నాకు మూడు అభ్యంతరాలున్నాయి.

బుడమేరు విషయంలో ఆక్రమణలు, కవులూరు దగ్గర కట్టకు పడిన గండ్లు కారణం కాదా? అన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే అసలు బాధ్యులు తప్పించుకుంటారు. రెండోది, వరద డబ్బున్నవాళ్ళను వదిలేస్తుందనడం నిజం కాదు. 2022 సెప్టెంబరులో బెంగళూరులో కోట్ల ఖరీదు చేసే విల్లాలు మునిగి, జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు.

మూడోదే ముఖ్యం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది పోయారు. ఇప్పుడు అంతటి తుఫాన్లు వచ్చినా ప్రాణనష్టం చాలా తక్కువ. దేశం సంపన్నమైంది కాబట్టే ఇది సాధ్యమైంది. ఎదుగుదలను అడ్డుకుంటే ముందు నష్టపోయేది పేదవాళ్ళే.

సింగ్‌నగర్ మెకానిక్

శ్రీను అన్నా, ఆ విల్లాల వాళ్ళు ట్రాక్టర్ దిగి ఎక్కడికి వెళ్ళారు? హోటల్‌కి. వాళ్ళ కార్లకు ఇన్సూరెన్స్ ఉంది. ఆఫీసు పని హోటల్ గదిలోంచి చేసుకున్నారు, నెల జీతం పడింది. మునగడం ఒకటే అయినా తేరుకోవడం ఒకటి కాదు.

నాది చిన్న బైక్ మెకానిక్ షెడ్డు, వెనకే అద్దె ఇల్లు. నీళ్ళు దిగాక చూస్తే ఫ్రిజ్ వంటగదిలోంచి తేలుతూ వచ్చి తలుపుకు అడ్డంగా పడి ఉంది. మా ఆవిడ కుట్టు మిషను మోటారులో బురద గట్టిపడిపోయింది, చక్రం తిప్పితే కదల్లేదు. రిపేరుకొచ్చిన కస్టమర్ల బండ్లు ఏడు షెడ్డులో ఉన్నాయి. అవి నావి కావు కాబట్టి నా పేరు మీద రాయరు. ఓనర్లేమో "నీ దగ్గర పెట్టాం కదా, నువ్వే బాగుచేసివ్వు" అన్నారు. నా చేతి డబ్బుతో ఇంజిన్లు విప్పి ఆయిల్ మార్చి ఇచ్చాను. ఆ అప్పు ఇంకా కడుతున్నాను.

బుడమేరు పక్కన ఎందుకున్నారు అని అందరూ అడుగుతారు. అక్కడ అద్దె తక్కువ. నీళ్ళొస్తాయని తెలుసు కాబట్టే తక్కువ.

పద్మజ టీచర్ (విజయవాడ)

శ్రీను గారూ, దివిసీమ మా అమ్మమ్మ వాళ్ళ వైపు. ఆ ఉప్పెన తర్వాత జనాన్ని కాపాడింది ఎవరి సొంత సంపదా కాదండీ. వాతావరణ శాఖ ముందస్తు హెచ్చరికలు, తీరం వెంట కట్టిన తుఫాను షెల్టర్లు, రెవెన్యూ వాళ్ళు బస్సులు పెట్టి జనాన్ని తరలించడం. అంటే ప్రభుత్వ డబ్బు. ఇల్లున్నవాడా లేనివాడా అని చూడకుండా అందరికీ ఇచ్చిన రక్షణ అది. అందుకే పనిచేసింది. ప్రాణం దగ్గర చేసిన ఆ పని బతుకుతెరువు దగ్గర చేయడం లేదన్నదే నా బాధ.

ఆక్రమణల మాట కూడా నిజమే. వాన ఎక్కువై, దారి ఇరుకైతేనే వరద. రెండు కారణాలూ కలిసి ఒకే వీధిలోకి వచ్చాయి.

ఏఎన్ఎం సరళ (నల్గొండ జిల్లా)

వరద కనబడుతుంది, వీడియోలు వస్తాయి. ఎండ కనబడదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు అధికారిక లెక్కల్లోనే సుమారు రెండు వేల మంది చనిపోయారు. పొలం కూలీలు, ఉపాధి పనికి పోయేవాళ్ళు, రోడ్ల మీద చిన్న వ్యాపారాలు చేసేవాళ్ళు, ముసలివాళ్ళు. ఏసీ గదుల్లోంచి ఎంతమంది పోయారో ఎవరైనా వెతికి చూడవచ్చు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి పరిహారం 4 లక్షలు చేసింది. అంతకుముందు 50 వేలే. మంచి నిర్ణయం. కానీ ఆ డబ్బు రావాలంటే వడదెబ్బతోనే పోయారని తహసీల్దారు, ఎస్సై, మెడికల్ ఆఫీసరు ఉన్న కమిటీ తేల్చాలి. పోస్టుమార్టం కావాలి. ఇంట్లో పోయినోళ్ళను ఎవరు పోస్టుమార్టానికి తీసుకుపోతారండీ? మధ్యాహ్నం చేన్లోంచి వచ్చి, నీళ్ళు తాగి, పడుకుని, సాయంత్రానికి లేవని మనిషిని "గుండెపోటు" అనుకుని పొద్దున్నే దహనం చేసేస్తారు. ఇక కాగితం ఎక్కడిది?

ఇంకోటి, రాత్రి పూట. రేకుల ఇంట్లో సూర్యుడు పోయాక కూడా వేడి పోదు. మా సబ్‌సెంటర్ పరిధిలో రేకుల మీద తడి గోనె సంచులు పరుస్తారు, తాటాకు కప్పుతారు. నీళ్ళకే కరువైన చోట సంచులు తడపడానికి నీళ్ళెక్కడివి? రాత్రి నిద్ర లేక బీపీ పెరిగి, పొద్దున మళ్ళీ ఎండలోకి. బాలింతలు, పసిపిల్లలు ఉన్న రేకుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది.

ఎడారి తెలుగు (ఫీనిక్స్, అమెరికా)

సరళ గారూ, మీరు రాసింది చదివితే మా ఊరు గుర్తొచ్చింది. ఇక్కడ 2023 వేసవిలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 43 సెల్సియస్ దాటింది. మా మారికోపా కౌంటీలో ఆ ఏడాది ఎండ వల్ల 645 మంది చనిపోయారు. అందులో సగానికి కాస్త తక్కువ మంది ఇల్లు లేక వీధుల్లో ఉన్నవాళ్ళు. ఇళ్ళలో పోయినవాళ్ళలో చాలామందికి ఏసీ లేకపోవడమో, పాడైతే బాగుచేయించుకోలేకపోవడమో. ఇంత డబ్బున్న దేశంలో కూడా ఎండ ఆదాయం చూసే కొడుతోంది.

ఒక మార్పు మాత్రం పనికొచ్చింది. బిల్లు కట్టలేదని కరెంటు కోసేస్తే 2018లో ఒక పెద్దావిడ ఎండకు చనిపోయింది. దాని మీద గొడవయ్యాక, 2019 నుంచి జూన్ 1కి, అక్టోబరు 15కి మధ్య బిల్లు బాకీ ఉన్నా కరెంటు కోయకుండా రాష్ట్ర నియంత్రణ సంస్థ రూలు పెట్టింది. ఎవరికీ పైసా పంచకుండానే ప్రాణాలు నిలిపే రూలు అది.

శ్రీను (గచ్చిబౌలి)

ఇలాంటి రూల్స్‌కి నేనూ ఓటేస్తాను. కానీ ముందు సమస్య తగ్గాలి కదా. ఈవీలు, సోలార్ ముందుగా కొనేది డబ్బున్నవాళ్ళే. వాళ్ళు కొంటేనే ఫ్యాక్టరీలు పెరిగి అందరికీ రేట్లు తగ్గుతాయి. సోలార్ ప్యానెళ్ళ విషయంలో జరిగింది అదే. వాళ్ళను విలన్లను చేస్తే లాభం లేదు.

లెక్కల మాస్టారు (రాజమండ్రి)

రేట్లు తగ్గిన మాట నిజం శ్రీను గారూ. ఎవరినీ విలన్ని చేయడం నా ఉద్దేశం కాదు. ప్రజల డబ్బు ఏ దారిలో వెళ్తోందో చూద్దాం.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78 వేల వరకు సబ్సిడీ ఇస్తుంది. దానికి సొంత డాబా ఉండాలి. అద్దె ఇంటివాడికి, రేకుల షెడ్డువాడికి, అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండేవాడికి ఆ డాబా లేదు. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది, 2026 డిసెంబరు దాకా. కారు ధర ఎంత ఎక్కువైతే మిగిలే పన్ను అంత ఎక్కువ. సిటీ బస్సు కోసం ఎండలో గంట నిలబడే మనిషికి అందులో వచ్చేదేమీ లేదు.

తెలంగాణ 2023లో తెచ్చిన చల్లని పైకప్పుల (తెల్ల పూత లాంటివాటితో ఎండను తిప్పికొట్టే కప్పుల) విధానం దేశంలోనే ముందడుగు, దాన్ని మెచ్చుకోవాలి. అందులో ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్ళకు చల్లని పైకప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్ళవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. చిన్నవాళ్ళ మీద బలవంతం పెట్టకపోవడం సరైనదే. కానీ సరళ గారు చెప్పిన రేకుల ఇంటికి తెల్ల పూత ఎవరు వేయిస్తారు? ఒక విద్యుత్ కారు మీద వదులుకున్న పన్నుతో అలాంటి కప్పులు ఎన్నింటికి పూత వేయవచ్చో లెక్కేయండి. వేడి తగ్గించడానికి అది చవకైన మార్గం.

మెకానిక్ తమ్ముడి పోస్టులోనూ, ఈ పథకాల్లోనూ నాకు కనిపిస్తున్నది ఒకటే. నష్టమైనా, ప్రోత్సాహకమైనా మన వ్యవస్థ మనిషిని కాక ఆస్తి కాగితాన్ని చూస్తోంది.

నల్లబంగారం (కొత్తగూడెం)

మా దిక్కు సంగతి కూడా చెప్పనీయండి. బొగ్గు మానేయాలి అని సిటీలో కూర్చుని అంటారు. 1889 నుంచి బొగ్గు తీస్తున్న నేల మాది. సింగరేణి మీద పర్మినెంటు కార్మికులు ఎంతమంది బతుకుతున్నారో, కాంట్రాక్టు వాళ్ళు, టిప్పర్ డ్రైవర్లు, టీ కొట్లు, ఇంటి అద్దెలు అన్నీ కలిపి అంతకు ఎన్నోరెట్ల మంది బతుకుతున్నారు. గనులు మూసే రోజు వస్తే పర్మినెంటు వాళ్ళకు పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ ఉంటాయి. కాంట్రాక్టు డ్రైవర్‌కు "రేపటి నుంచి రావొద్దు" అన్న ఫోన్ వస్తుంది. అంతే.

నేను బొగ్గు ఎల్లకాలం తవ్వాలనడం లేదు. మా పిల్లలు పీల్చే దుమ్ము మాకు తెలుసు. కానీ వేడి భరించేది మేమే, కరెంటు ఇచ్చేది మా ఊరే, చివరికి కాలుష్యం తగ్గించే ఖర్చూ మా మీదే పడితే ఎట్ల? సోలార్ పార్కులు ఎండ బాగా ఉన్న చోటికి పోతాయి, ఆ ఉద్యోగాలు మా దగ్గరికి రావు. మూసే తేదీ కంటే ముందు మా ఊళ్ళో ఏం పెడతారో చెప్పాలి.

బాపట్ల కౌలు రైతు బిడ్డ

నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. మాస్టారు గారి ఆస్తి కాగితం మాట చదివాక రాయాలనిపించింది.

మాకు సొంతంగా ఉన్నది అరెకరం. నాన్న మరో నాలుగెకరాలు కౌలుకు చేస్తారు. ఎకరాకు పాతిక బస్తాలు కౌలు. పండినా, పండకపోయినా అంతే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా చేలో వరి కోసి పనల మీద ఉంది. చేలోంచి నీళ్ళు పోయాక చూస్తే కంకులకు తెల్లటి మొలకలొచ్చాయి. పన పట్టుకుని ఎత్తితే బరువుకి చెయ్యి లాగేసేది, పులిసిన దోశపిండి లాంటి వాసన. రోడ్డు మీద పట్టాలు పరిచి ఆరబోశాం. తేమ 17 శాతం కంటే ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో కుదరదు. రంగు మారిన గింజకు బయట చెప్పిన ధరకే ఇచ్చుకోవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పెట్టుబడి అలాగే ఉండిపోయింది.

పరిహారం వచ్చింది, మాకు కాదు. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పొలం యజమాని పేరు ఎక్కింది కాబట్టి ఆయన ఖాతాలో పడింది. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, మంచివారే, కౌలులో అయిదు బస్తాలు తగ్గించారు. కానీ అది ఆయన దయ, మా హక్కు కాదు.

ఆంధ్రాలో 2011 చట్టం ప్రకారం కౌలు రైతుకు గుర్తింపు కార్డు యజమాని సంతకం లేకుండానే వచ్చేది. 2019 చట్టంతో వచ్చిన పంట సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని వాళ్ళకు భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం వేరేవాళ్ళకు ఇస్తారేమోనని మాకు భయం. దేశంలో కౌలు సాగు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందుంది. తుఫాన్లూ మన తీరానికే వస్తాయి. అంటే తుఫాను దెబ్బ తినేవాళ్ళలో పెద్ద భాగం కాగితం మీద రైతులే కారు.

శ్రీను (గచ్చిబౌలి)

తమ్ముడూ, ఇది చదివి చాలా బాధేసింది. యజమాని సంతకం నిబంధన తీసేయాలి, దాని మీద నాకు రెండో మాట లేదు. నేను అడిగేది డబ్బు గురించి. కూలి పోయినవాళ్ళకు, కౌలు రైతులకు, రేకుల ఇళ్ళకు అందరికీ ఇవ్వాలంటే ఎక్కడి నుంచి తేవాలి? సంపద పన్ను అంటారేమో. మన దేశంలో ఉన్న ఆ పన్నును 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు. ఏడాదికి దాని మీద వెయ్యి కోట్లకు మించి పెద్దగా వచ్చేది కాదు.

లెక్కల మాస్టారు (రాజమండ్రి)

వచ్చేది కాదు, ఎందుకంటే దాన్ని అలా రాశారు. షేర్లు, బాండ్లు అందులో లేవు. పెద్ద సంపదంతా ఉండేది వాటిలోనే. 2024లో జీ20కి బ్రెజిల్ అధ్యక్షత వహించినప్పుడు ఆర్థికవేత్త గాబ్రియేల్ జుక్‌మన్ ఇచ్చిన ప్రతిపాదన చూడండి: ప్రపంచంలోని దాదాపు 3 వేల మంది డాలర్ బిలియనీర్ల మీద ఏడాదికి సంపదలో కనీసం 2 శాతం పన్ను. దాంతో 200 నుంచి 250 బిలియన్ డాలర్లు వస్తాయని అంచనా. వేరే దేశానికి వెళ్ళిపోతారన్న భయం ఉంది కాబట్టే దేశాలన్నీ కలిసి వేయాలన్నారు. ఒప్పందం కుదరలేదు, చర్చ మాత్రం మొదలైంది. పోల్చుకోవడానికి ఇంకో అంకె. వర్ధమాన దేశాలకు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లు సమకూర్చుతామని 2024లో బాకూలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ధనిక దేశాలు మాటిచ్చాయి. వాతావరణం కోసం ప్రపంచం వెతుక్కుంటున్న డబ్బు కొన్ని వేల మంది దగ్గర ఉంది.

అంతదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో 'సేవా' (SEWA) అనే స్వయం ఉపాధి మహిళల సంఘం సభ్యులకు ఎండ బీమా ఉంది. ఉష్ణోగ్రత నిర్ణయించిన హద్దు దాటితే నష్టం రుజువు చేయక్కర్లేదు, సర్వేకు ఎవరూ రానక్కర్లేదు, డబ్బు ఖాతాలో పడుతుంది. 2024లో 40 వేల మందికి పైగా అందుకున్నారు. ఒక్కొక్కరికి వచ్చింది చిన్న మొత్తమే. కానీ అక్కడ చూసింది థర్మామీటరును, పాసుపుస్తకాన్ని కాదు.

ఏఎన్ఎం సరళ (నల్గొండ జిల్లా)

మాస్టారు గారూ, అలాంటిది మా దగ్గర వస్తే పేర్లు రాసే పని మేం చేస్తాం. ఏ ఇంట్లో ఎవరు ఎండలో పనికి పోతారో ఆశా వర్కర్లకు నోటికి వచ్చు.

ఎడారి తెలుగు (ఫీనిక్స్, అమెరికా)

బాపట్ల తమ్ముడూ, నీ పోస్టు చదివాక ఒకటి అడగాలి. తెనాలి దగ్గర మాకు రెండెకరాలుంది, కౌలుకిచ్చాం. ఊళ్ళో నాన్నగారు చూసుకుంటారు. ఈ-క్రాప్‌లో ఎవరి పేరుందో నేనెప్పుడూ అడగలేదు, ఈరోజే ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆ హక్కు పత్రం మీద సంతకం పెడితే పొలానికి నిజంగా ఏమైనా ఇబ్బంది వస్తుందా? నాన్నగారికి నేను చెప్పాలంటే సరిగ్గా తెలిసుండాలి.

బాపట్ల కౌలు రైతు బిడ్డ

అన్నా, ఇబ్బందేమీ లేదు. ఆ పత్రం 11 నెలలకే. హక్కు పంట మీద మాత్రమే, భూమి మీద కాదు. కౌలుదారు దాన్ని చూపించి పొలం నాదని అనడానికి చట్టంలో వీల్లేదు. పాసుపుస్తకం, అడంగల్ మీ నాన్నగారి పేరు మీదే ఉంటాయి.

ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో ఫారం ఉంటుంది, వీఆర్వో దగ్గర కూడా అడగవచ్చు. నాన్నగారు, కౌలు రైతు ఇద్దరూ కలిసి వెళ్తే పని త్వరగా అవుతుంది. నాట్లు పడగానే ఈ-క్రాప్‌లో సాగుదారుగా కౌలు రైతు పేరు రాయించండి, వేలిముద్ర ఆయనదే వేయించండి. తుఫాను వచ్చాక పేరు మార్చమంటే ఎవరూ మార్చరు, అందుకే ఈ పని ఖరీఫ్ మొదట్లోనే అయిపోవాలి. ఏదైనా అడ్డం వస్తే ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.